ఇసుక మీద దండయాత్ర

పంతొమ్మిది యుద్ధాలు చేసి జుట్టు నెరిసిన దళవాయి కొండమరాజుకు రాజుగారు యుద్ధ పాఠశాల అప్పగించారు. అక్కడ ఆయన ఇసుకతో కొండలు, వాగులు, కోటలు పోయించి పడుచు సిపాయిలకు పాఠం చెప్పేవాడు. పాఠం నడుస్తుంటే ఎవరూ నోరు మెదపకూడదని కట్టడి. ఇసుక ఎండి జారిపోకుండా తోలుతిత్తితో నీళ్లు చిలకరించే బుడ్డన్నకూ అదే కట్టడి.

ఆ శ్రావణంలో శత్రువు కోట మీదికి నిజంగానే దండు కదలాలి. కొండమరాజు బెత్తంతో ఇసుకలో ఆ కోట దారికి అడ్డంగా ఉన్న కాకివాగును చూపించి, "ఇక్కడ మోకాలి లోతే. నాలుగు వందల మందీ ఇక్కడే దాటండి" అంటూ చెక్కబొమ్మలను వాగులో బారుగా నిలబెట్టాడు.

బుడ్డన్న వచ్చి ఇసుక కొండ మీద తిత్తి మొత్తం కుమ్మరించాడు. నీళ్లు కొండ దిగి వాగులో పడ్డాయి. బొమ్మలన్నీ కొట్టుకొచ్చి దళవాయి కాళ్ల దగ్గర పడ్డాయి.

"ఏం పనిరా ఇది?"

"మాట్లాడే హక్కు నాకు లేదు దొరా, నీళ్లు పొయ్యడమే నా పని. అడిగారు కాబట్టి చెబుతున్నా. తమరు ఆ వాగును ఎండాకాలంలో చూశారు. ఇప్పుడు కొండల్లో వాన పడితే ఇంతే."

దళవాయి వంగి బొమ్మలను ఏరాడు. దండును కార్తీకం దాకా ఆపమన్నాడు. తరువాత మెల్లగా, "ఇదంతా నీకెలా తెలుసు?" అన్నాడు.

"ఇరవై ఏళ్ల కిందట, ఇలాంటి శ్రావణంలోనే, తమకు ముందున్న దళవాయి కూడా ఇదే పాఠం చెప్పాడు దొరా. వెళ్లి తిరిగి రానివాళ్లలో నా తమ్ముడొకడు. ఆ రోజు నేను కట్టడి తప్పలేదు. ఇసుక తడిసేంత వరకే పోశాను."