నాయుడుగారి తలపాగా

అనగనగా ఒక ఊరు. అక్కడ ఊరి పెత్తనానికి కొత్తగా ఎవరు నిలబడాలన్నా, ఒక ఆసామి తన తలపాగా వాళ్ళ తలకు చుట్టి, "తగిన మనిషి, పూచీ నాది" అనాలి. జగ్గునాయుడికి జడిసి ఎవరూ ఎవరికీ చుట్టేవారు కాదు. ప్రతిసారీ ఆయనొక్కడే నిలబడి గెలిచేవాడు.

ఈసారి గాజులమ్మే నూకమ్మ ఆయన అరుగెక్కింది. "నేనూ నిలబడతాను బాబూ. తలపాగా తమరే చుట్టాలి."

నాయుడు నోరు వెళ్ళబెట్టాడు. "మతి పోయిందటే నీకు?"

"పోటీ లేకుండా గెలుస్తాడని పక్క ఊళ్ళో మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు. ఎవరో ఒకరు ఓడాలి కదా బాబూ, ఆ ఓడేదేదో నేనే ఓడతాను."

నాయుడు ఉబ్బిపోయాడు. మర్నాడు నిండు సభలో ఆమెకు తలపాగా చుట్టి, పూచీ పడి, "ఎవరి వెనక నిలబడతారో నిలబడండి!" అని మీసం దువ్వాడు.

జనమంతా నూకమ్మ వెనక్కి నడిచారు. "ఒరే పాలేరూ, నువ్వు కూడానా!"

"తగినదని తమరే పూచీ పడ్డారు బాబయ్యా," అన్నాడు పాలేరు చేతులు కట్టుకుని. "తమరి మాట కాదనే ధైర్యం మాకెక్కడిది?"

నాయుడు అటూ ఇటూ చూశాడు. పెళ్ళాం కూడా ఆ గుంపులోనే ఉంది.

"నా తలపాగా నాకిచ్చెయ్!" అని అరిచాడు.

"నా దగ్గరే ఉండనివ్వండి బాబూ," అంది నూకమ్మ. "వచ్చేసారి కొత్తగా నిలబడేది మీరే కదా. అప్పుడు మీకు చుట్టడానికి ఎవరో ఒకరు కావాలిగా."