గజ్జి లేని తోటలో కత్తి

రాజుగారి నిమ్మతోటలో చెట్టుచెట్టూ తిరిగి ఆకులు చూడటం సుంకులమ్మ పని. ఆ ఏడు వానలకు ఆకుల మీద, కాయల మీద గరుకు మచ్చలు లేచాయి. గజ్జి తెగులు! ఆ కొమ్మలు కోసి తగలబెట్టకపోతే, కోసిన కత్తిని నిప్పుల్లో కాల్చకపోతే చుట్టుపక్కల రైతుల తోటలకూ పాకుతుంది. ఆ మాట చెబితే తోటల అధికారి భుజంగరాయుడు మండిపడ్డాడు.

"రాజుగారి తోటకు గజ్జి అంటావా? నోరు మెదిపితే కొరడా దెబ్బలే!"

మర్నాడు రాజు వచ్చాడు. "ఒక్క ఆకుకూ మచ్చ లేదు ప్రభూ," అంటూ రాయుడు ఆయన్ను పల్లకీ దిగనివ్వలేదు.

సుంకులమ్మ నోరు మెదపకుండా మచ్చలున్న ఒక కొమ్మ కోసింది. తర్వాత రాయుడితో, "అయ్యా, మీ సొంత నిమ్మతోటలో ఎండుకొమ్మలు తీయమన్నారుగా. ఈ కత్తితోనే వెళ్లి తీసేస్తాను," అంది వినయంగా.

"ఆగవే! ఆ కత్తి నిప్పుల్లో కాల్చకుండా నా తోటలో అడుగు పెట్టకు!" అని గావుకేక పెట్టాడు రాయుడు.

"మచ్చ లేని తోటలో వాడిన కత్తిని కాల్చడమెందుకు?" అని రాజు పల్లకీ దిగాడు.



సుంకులమ్మ చేతులు కట్టుకుంది. "కత్తి సంగతి అయ్యగారు చెప్పారు ప్రభూ. కొమ్మల సంగతి తమరు సెలవిస్తే రెంటికీ నిప్పు ఒకేసారి రాజేస్తాను."