కందికట్టెకు పోసిన నీళ్ళు

అనగనగా, గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టు కథ చుట్టూ పిల్లలు తిరిగే కాలంలో, గానుగపేటలో ఒక నూనె వర్తకుడి ఇల్లు ఉండేది. ఆ ఇంటి చిన్నకోడలు వకుళ.

ఆ ఏడు వరదలో వకుళ పుట్టింటి పెరడంతా కొట్టుకుపోయింది. అమ్మ చేత్తో నాటిన ముద్దమందారం కూలిపోతే, దాని నుంచి మూడంటే మూడు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఆ మందారానికి లోకంలో ఇక అవే ఆనవాళ్ళు.

మొదటి కొమ్మను కణుపు కింద ఏటవాలుగా కోసి, ఆకులు దూసి, ఇసుక కలిపిన మట్టిలో వాకిట్లో నాటింది.

"పాపం, దాహం వేస్తుందే!" అంటూ పెద్దకోడలు రంగనాయకి పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు, దీపాలవేళ ఒక చెంబు పోసింది.

"అక్కా, వేలు గుచ్చి చూడండి. మట్టి పొడిగా తగిలితేనే నీళ్ళు," అని వకుళ చెప్పింది. మళ్ళీ చెప్పింది. గొంతు పోయేదాకా చెప్పింది.

"నీళ్ళు పోస్తే పుణ్యమే తల్లీ!"

పుణ్యం రంగనాయకికి దక్కింది. కొమ్మ కుళ్ళిపోయింది.

రెండో కొమ్మ బావి పక్కన నాటింది. ఈసారి అత్తగారు సుందరమ్మ నూనె తీయగా మిగిలిన గానుగపిండి గంపెడు తెచ్చి మొదట్లో కుమ్మరించింది.

"అత్తయ్యా! దానికింకా వేరైనా పట్టలేదు. అంత పిండి ఏ నోటితో తింటుంది?"

"ఈ పిండి తినే మన ఎద్దులు ఏనుగుల్లా ఉన్నాయి. మీ అమ్మ కొమ్మకు పనికిరాదా?"

వకుళకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పిండి వేడికి కొమ్మ మాడిపోయింది.

ఇక మిగిలింది ఒక్కటి. నడిపికోడలు చెంగమ్మ కొంగు దోపుకుని వచ్చింది. "ఈసారి నాకు వదిలెయ్యి చెల్లీ. రోజూ పీకి చూస్తాను. వేరు వచ్చిందో లేదో తెలియొద్దూ?"

వకుళ ఆకాశం వైపు చేతులు జోడించింది. "భగవంతుడా, వీళ్ళలో ఒక్కరైనా చెడ్డవాళ్ళయితే హాయిగా తిట్టుకునేదాన్ని కదా! అందరూ మంచివాళ్ళే. నేనెవరిని తిట్టను?"

మర్నాడు పొయ్యిలోకని తెచ్చిన కందికట్టె ఒకటి వాకిట్లో పాతి, "అదిగో, ఇక మీ ఇష్టం," అంది.

ముగ్గురూ సంబరపడ్డారు. ఒకరు పోశారు, ఒకరు కుమ్మరించారు, ఒకరు పీకి చూసి మళ్ళీ గుచ్చారు. ఆ హడావుడిలో గానుగశాల వెనక్కి ఎవరూ వెళ్ళలేదు. అక్కడ, అడుగున చిల్లున్న పాతకుండలో, పొద్దుటెండ తగిలేచోట అసలు కొమ్మ ఉంది.

వకుళ దానికి చేసిందల్లా వేలు గుచ్చి చూడటం, తడి తగిలితే వెనక్కి తిరగడం. ఆ తిరగడమే కష్టమయ్యేది. ఆమె చేతిలోనూ చెంబు ఉండేది మరి! బాగా చిగిర్చాక మాత్రం చిటికెడు పిండి వేసి, కొనలు గిల్లింది. పక్కకొమ్మలు గుబురుగా లేచాయి.

ఒకనాటి ఉదయం దేవుడి గూట్లో ఎర్రటి ముద్దమందారం కనిపించింది.

"చూశారా, నా నీళ్ళ మహిమ!" అంది రంగనాయకి.

"నీ నీళ్ళేమిటే, నా పిండి!" అంది సుందరమ్మ.

"నేను పీకి చూడబట్టి గానీ!" అంది చెంగమ్మ.

"అమ్మా తల్లులూ! మీరు ముగ్గురూ ఇన్నాళ్ళూ పెంచింది కందికట్టెను!" అంది వకుళ, ఓర్పు నశించి. ముగ్గురినీ గానుగశాల వెనక్కి నడిపించింది.

కుండలో మొక్క నిండా మొగ్గలే. అంతలో సుందరమ్మ చెయ్యి మెల్లగా పక్కనున్న పిండిగంప వైపు సాగింది. కోడళ్ళు ముగ్గురూ గుడ్లప్పగించి చూశారు. సుందరమ్మ ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"ఆ కందికట్టెను మాత్రం పీకెయ్యకే చిన్నదానా," అంది. "మాకది కావాలి."

ఆ కట్టె చాలాకాలం వాకిట్లోనే ఉంది. చెయ్యి ఊరుకోనివాళ్ళు వెళ్ళి దానికే పోసేవారు. వెనక మందారం తన మానాన తాను పూసేది.

అందుకే పిల్లలూ, పోసే చెయ్యి ఎంత మంచిదైనా, ఆగడం నేర్చిన నాడే అది పెంచే చెయ్యి అవుతుంది.