విత్తనాలు తిన్న నగరం

పూర్వం త్రేతాయుగంలో, హిరణ్వతీ నదీతీరాన శాలిపురమనే నగరాన్ని రాజధానిగా చేసుకొని, యజ్ఞదీక్షితుడూ శత్రుభయంకరుడూ ఆడినమాట తప్పనివాడూ అయిన ఋతసేన మహారాజు ప్రజలను కన్నబిడ్డలవలె పాలిస్తూ ఉండేవాడు. ఆ మహానుభావునికి లోపం ఒక్కటే. చేసిన పనికి కారణం చెప్పడం తనకు చిన్నతనమనుకునేవాడు. అదే కొంప ముంచింది.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉండేది. రాజుమీదనైనా సరే నేరం మోపదలచినవాడు కొలువులో నిత్యం వెలిగే సభాగ్నిముందు ఒంటరిగా నిలిచి, తన పేరూ తండ్రి పేరూ చెప్పుకొని, ఆ తరువాతనే నోరు విప్పాలి. గుంపుగా వచ్చి అరిచేవారి మాట చెల్లదు.

వానలు మొహం చాటేసి, చెరువులెండి, పశువులు డొక్కలంటుకుపోయిన కాలం వచ్చింది. రాజు తన భోజనాన్ని ఒక పూటకు తగ్గించుకొని, కోటలోని ధాన్యమంతా పంచిపెట్టించి, ఒక్క గాదెకు మాత్రం తాళం వేయించాడు. దేశంలో మిగిలిన విత్తనాలు అందులో ఉన్నవే. ఆ సంగతి ఆయనకూ పట్టమహిషి ధృతిమతీదేవికీ తప్ప ఎవరికీ తెలియదు.

“దేవీ, గాదెలో ఏముందో వీధివీధికీ విన్నవించుకోవడానికి నేను రాజునా, కావలివాడినా?” అన్నాడు ఋతసేనుడు. ఆమెకూ ఆ మాట సబబుగానే తోచింది.

సింహాసనంమీద ఎప్పటినుంచో కన్నువేసిన సేనాపతి దుర్దముడికి ఆ తాళమే అందివచ్చింది. “మా పసివాళ్లు గంజినీళ్లు లేక ఏడుస్తుంటే, రాజుగారు గింజలు దాచుకుని కూర్చుంటారా?” అని జనం కోటముందు మూగారు. అయినా సభాగ్నిముందుకు ఒంటరిగా వచ్చి పేరు చెప్పే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది. అప్పుడు దుర్దముడు రథమెక్కి, “నాయనలారా! పేర్లతో ఏం పని? మీరంతా ఒక్క గొంతు. కలిసి అరవండి, అదే తీర్పు!” అన్నాడు.

అగ్నిని కాపాడే మేధావసు మహర్షి చేతులడ్డుపెట్టి, “ఓరి మూర్ఖులారా! పేరు చెప్పలేనివాడికి రాయెత్తే హక్కు ఎక్కడిది?” అని గర్జించాడు. ఆ వృద్ధ తపోధనుణ్ణి పక్కకు నెట్టేసి, సభాగ్నిని తొక్కి ఆర్పేశారు. ఆకలి పాపం కాదు. ఆ ఆకలిని నిచ్చెన చేసుకొని గద్దెనెక్కచూసినవాడు పాపి, ఆలోచించకుండా తలలూపినవాళ్లు అంతకంటె పాపులు! ధర్మాత్ముడైన రాజును మెట్లమీదనుంచి ఈడ్చి రాళ్లతో కొట్టి చంపారు. గాదె పగలగొట్టి, గింజలు ఉడికించుకుని తిన్నారు. దుర్దముడు కిరీటం పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే కుండపోతగా వాన కురిసింది. నాగళ్లు భుజాన వేసుకొని పరుగెత్తుకొచ్చిన రైతులు, “విత్తనాలేవి దొరా?” అని అడిగితే దుర్దముడు ఖాళీ గాదె చూపించాడు. తాము తిన్నదేమిటో అప్పటికి తెలిసింది. సిగ్గుపడవలసినవాళ్లు మళ్లీ రాళ్లే ఏరుకుని, దుర్దముణ్ణి అవే మెట్లమీదనుంచి ఈడ్చారు.

అంతలో ధృతిమతీదేవి నిప్పులు కురిసే కళ్లతో అడ్డం వచ్చి, “ఆగండి! వీణ్ణి కూడా అందరూ కలిసి చంపి, అందరూ కలిసి మరచిపోతారా? సిగ్గులేదా మీకు?” అని కేకవేసింది. ఆ పతివ్రత కేకకు సమవర్తి అయిన యమధర్మరాజు దండం ధరించి ప్రత్యక్షమయ్యాడు.

“అమ్మా! నీ భర్తను చంపినదెవరని అడిగితే వీళ్లు ‘అందరూ’ అంటున్నారు. నా లోకంలో ఆ పేరుగలవాడు ఎవడూ లేడు. నీకొక వరమిస్తాను, కోరుకో” అన్నాడు.

“స్వామీ! ఈ ఊరు బూడిదైపోవాలని నా నోటిదాకా వచ్చింది. కాని చంకల్లోని పసివాళ్లు రాళ్లు వేయలేదు. విత్తనాలివ్వు. అయితే అవి ఊరికే మొలవకూడదు. తన చేలో ఒంటరిగా నిలిచి, తాను చేసినది తన నోట చెప్పినవాడికే మొలవాలి.”

“తథాస్తు” అన్నాడు ధర్మరాజు.

వానలో తడుస్తూ, గుండెలు బాదుకుంటూ, ఎవరి చేలో వాళ్లు యముడిచ్చిన విత్తులు చల్లి, పేరు చెప్పి, చేసినది ఒప్పుకున్నారు. చేలు పచ్చబడ్డాయి. “నేనొక్కడినే చేశానా?” అన్న దుర్దముడి పొలం బీడుగా మిగిలింది. వాడు మొహం చెల్లక దేశం విడిచిపోయాడు.

రాణి చల్లిన విత్తులు మాత్రం మొలవలేదు. ఆమె ఉగ్రురాలై, “ధర్మమూర్తీ, ఇదేమి న్యాయం? నేను రాయి ముట్టలేదే!” అని నిలదీసింది.

“రాయి సంగతి ఎవరడిగారు తల్లీ?” అన్నాడు యముడు.

ఆమె రాజక్షేత్రం నడుమకు ఒంటరిగా నడిచింది. అక్కడ నిలిచి, జనమంతా వింటుండగా, “నేను ధృతిమతిని, చిత్రరథుని కూతుర్ని. అవి విత్తనాలని నాకు తెలుసు. ఆనాడు మేడమీదే ఉన్నాను. ఒక్క మాట చెబితే ఆగేవాళ్లేమో. వీళ్లకు నేను సంజాయిషీ చెప్పడమేమిటని ఊరుకున్నాను. నా మహారాజును చంపినవాళ్లలో నేనూ ఉన్నాను” అని బావురుమంది.

తెల్లవారేసరికి రాజక్షేత్రం మొలకెత్తింది. ప్రజలు ఆమెనే పట్టాభిషిక్తురాలిని చేశారు. మేధావసు మహర్షి సభాగ్నిని మళ్లీ రగిల్చాడు. ఇది విన్నవారికి పుణ్యమెంత వస్తుందో చెప్పలేనుగాని, గుంపులో చేయెత్తబోయేవాడికి తన పేరు గుర్తుకొస్తే చాలు, మేడమీద నిలబడి చూసేవాడికి నోరు పెగిలితే చాలు.