ప్రళయం తర్వాత పుట్టే దూడ

రాబోయే అమావాస్యకు ప్రళయం వస్తుందనీ, భూమ్మీద ఒక్క ప్రాణీ మిగలదనీ ప్రచండస్వామి చెప్పగానే ఊరంతా గడగడలాడింది. మఠానికి పశువులను దానమిచ్చినవాళ్లకే పైలోకంలో చోటన్నాడాయన. జనమంతా పశువులను తెచ్చి మఠం ముందు కట్టేశారు. ఎల్లమంద కూడా తన చూడిగేదెను తోలుకొచ్చాడు. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. ఇవ్వడానికి చెయ్యి రాలేదు. స్వామి మాట మీద అనుమానమూ తీరలేదు.

"స్వామీ, గేదెను తీసుకోండి. మూడు నెలల్లో ఈనుతుంది. ఆ దూడను మాత్రం నాకిప్పించండి" అన్నాడు చేతులు జోడించి.

"కుదరదు! గేదె మఠానిదైతే దూడా మఠానిదే!" అని స్వామి కసిరాడు.

ఎల్లమంద గుండె కుదుటపడింది. జనం వైపు తిరిగాడు.

"విన్నారా అయ్యలారా! మూడు నెలల తర్వాత పుట్టే దూడను కూడా స్వామివారు వదులుకోనంటున్నారు. ఇక అమావాస్యకు మనకేం భయం?"

జనం పకపకా నవ్వుతూ ఎవరి పశువులను వాళ్లు విప్పుకున్నారు. ఎల్లమంద గేదె మెడ నిమురుతూ, కూనిరాగం తీసుకుంటూ ఇంటిదారి పట్టాడు.