పుట్టింటికి తోడు

ఆ అడవిలో రెండు కొండల మధ్య ఊటలోయ ఉంది. అడవి అందరిదీ, లోయా అందరిదే. అందరిదీ కాబట్టే ఒక కరువు ఏడు అందరూ కలిసి దాన్ని తొక్కి, తవ్వి, నమిలి, ఊట ఎండిపోయేదాకా వదల్లేదు. అప్పుడు దుప్పి ఈరమ్మ లోయ మొగదల్లో అడ్డంగా నిలబడి, "ఇక చాలు. ఊట మళ్ళీ నిలదొక్కుకునేదాకా ఒక్క కాలు లోపల పడకూడదు" అంది. జంతువులన్నీ సిగ్గుపడి సరేనన్నాయి. ఎవరు వేసిన కట్టు వాళ్ళ నోటితోనే విప్పాలన్నది అక్కడి ఆచారం.

ఈరమ్మ పుట్టింది ఆ లోయలోనే. కట్టు వేసింది తనే గనక దానికి ముందు తలవంచిందీ తనే. పొద్దు వాలేవేళ లోయ మొగదలకు వచ్చి ముక్కు పైకెత్తి నిలబడేది. గాలి ఇటు తిరిగితే తడిమట్టి వాసన వచ్చేది. తల్లి పక్కన నిలబడి మొదటిసారి మూతి ముంచిన నీళ్ళు గుర్తొచ్చేవి. పోయేలోగా ఆ నీళ్ళు ఒక్క గుక్క తాగాలని ఆవిడ ప్రాణం కొట్టుకునేది. ఊట మళ్ళీ పుట్టిందిగానీ ఇంకా లేతది. ఆ సంగతి తెలుసు గనక ఏ రోజుకారోజు వెనక్కి తిరిగేది.

ఇంతలో అడవికి పెద్దను ఎన్నుకునే రోజులు వచ్చాయి. అక్కడ పద్ధతేమిటంటే, నచ్చినవాడి పేరు పిలిచినప్పుడు తోక ఎత్తాలి. నక్క జంబులింగానికి పెద్దరికం మీద ఎప్పటినుంచో కన్నుంది, కానీ తన తోక తప్ప ఇంకో తోక లేస్తుందన్న ఆశ లేదు. అందుకని అడవిపందుల దగ్గరికి వెళ్ళాడు. అన్ని తోకలు మరెవరికీ లేవు.

"మాకేంటి?" అన్నాడు పందుల పెద్ద కోరయ్య, సూటిగా.

"ఏం కావాలో చెప్పు."

"ఊటలోయలో దుంపలు బాగా ఊరాయట. లోయ తెరిపించు, తోకలు నీవి."

"అది నా చేతిలో లేదయ్యా. ఈరమ్మ నోట్లో ఉంది."

"అయితే ఆ నోరే తెరిపించు."

మర్నాడు జంబులింగం గాలి ఎటు తిరిగిందో చూసుకుని మరీ లోయ మొగదలకు వచ్చాడు.

"అత్తా, ఇక్కడే ఉన్నావా! నిన్నిలా చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది."

"నాకేమైంది అల్లుడూ, బాగానే ఉన్నా."

"ఏం బాగు? ఏ ఆడకూతురైనా పుట్టింటి గడపదాకా వచ్చి వాసన చూసి వెనక్కి పోతుందా? కట్టు తీసెయ్యమని నేననను. కొంచెం వదులు చేద్దాం. లోయలో పుట్టినవాళ్ళు వెళ్ళి రావచ్చని ఒక్క మాట. అక్కడ పుట్టినవాళ్ళలో మిగిలింది నువ్వేగా! ఒక్క ముసలి దుప్పి అడుగుకే లోయ పాడైపోతుందా?"

ఈరమ్మ లోయవైపు తల తిప్పింది. ముక్కుపుటాలు అదిరాయి.

"ఇంకో సంగతి," అన్నాడు నక్క. "ఈ వయసులో ఒంటరిగా ఎలా పోతావు? పుట్టింటికి పోయే ఆడకూతురికి తోడు పంపడం మన మర్యాద. 'లోయలో పుట్టినవాళ్ళూ, వాళ్ళకు తోడు వచ్చేవాళ్ళూ' అందాం. లేకపోతే అడవికే నామోషీ."

పై కొమ్మ మీద కొండముచ్చు ఓబులేసు దగ్గాడు. "వదినా, తోడంటే ఎవరో, ఎందరో అడిగావా?"

"ఎవరో ఒకరు వస్తార్లే. సాయం వస్తామన్నవాళ్ళను లెక్కలడిగితే ఏం బాగుంటుంది?"

"ఇన్నాళ్ళూ లేని మేనత్త ప్రేమ వీడికి ఎన్నికలప్పుడే పుట్టిందేం?"

"చూశావా అత్తా!" జంబులింగం నిట్టూర్చాడు. "నీ పుట్టింటి మీద కూడా రాజకీయం చేస్తున్నాడు."

"ఊరుకో ఓబులేసూ," అంది ఈరమ్మ చిరాగ్గా. "నీకు చెట్టుచెట్టూ ఇల్లే. నీకేం తెలుస్తుంది?"

లోయలో పుట్టినవాళ్ళూ, వాళ్ళకు తోడు వచ్చేవాళ్ళూ వెళ్ళి రావచ్చని నక్క చెప్పిన మాటే ఆవిడ అడవి సభలో అంది. ముసలమ్మను ముందు నిలబెట్టాక కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? నక్క అయితే ఏకంగా కళ్ళు తుడుచుకున్నాడు. మరీ తుడుచుకున్నాడని ఓబులేసుకొక్కడికే అనిపించింది.

తెల్లవారగానే ఈరమ్మ బయల్దేరింది. ఎక్కడా ఆగలేదు. మలుపు తిరిగేసరికి ఊట కనిపించింది. దోసెడు నీళ్ళు, అడుగున గులకరాళ్ళు, చుట్టూ పచ్చటి నాచు. "వచ్చానే అమ్మా," అని వంగింది.

వెనక దడదడమని చప్పుడైంది. తిరిగి చూస్తే కోరయ్య, అతని వెనక మందకు మంద.

"ఇదేంటి?"

"తోడు అత్తా! నువ్వు మాటిచ్చావుగా," అన్నాడు కోరయ్య.

"ఇంతమందా? ఆగండయ్యా, ఊట ఇంకా లేతది!"

అప్పటిలాగే అడ్డంగా నిలబడింది. కానీ అప్పుడు అడవంతా ఆవిడ పక్కనుంది. ఇప్పుడు పందులు రెండు పక్కలనుంచీ దాటిపోయాయి. మోరలు నేలలో దిగాయి, వేళ్ళు పైకి లేచాయి, గట్టు విరిగి ఊటలో పడింది. ఆవిడ మూతి దించేసరికి నోటికి బురదే తగిలింది. దుఃఖం ఆగక అక్కడే చతికిలబడింది.

ఎన్నికల్లో పందుల తోకలన్నీ ఒక్కసారిగా లేచాయి. జంబులింగం పెద్ద బండ ఎక్కి కూర్చున్నాడు. ఈరమ్మ అతని ముందుకొచ్చి, "కట్టు మళ్ళీ వేస్తాను," అంది.

"విప్పడానికి నీ నోరొక్కటే చాలు అత్తా, వెయ్యడానికి అందరూ సరేననాలి. కోరయ్య అంటాడా?" నక్క పళ్ళు బయటపెట్టి నవ్వాడు. "అయినా నీకేం లోటు? ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి రా. ఇప్పుడు నిన్ను ఆపేవాడే లేడు."

"ఇన్నాళ్ళూ వెళ్ళడానికి దారి లేకపోయినా నాకు పుట్టిల్లుండేది అల్లుడూ," అంది ఈరమ్మ. "ఇప్పుడు దారుంది. పుట్టిల్లే లేదు."

నీతి: నీ కోసమే కట్టు వదులు చేస్తున్నానన్నవాణ్ణి, నీ వెనకాల ఎవరెవరు వస్తున్నారో ముందే అడగాలి.