పూర్వపక్షం దగ్గరే కూర్చుండిపోయిన వల్లభయ్య

ఒకానొక రాజ్యంలో, అంటే మీరూ నేనూ పన్ను కట్టనక్కర్లేనంత దూరపు రాజ్యంలో, ప్రచండకేతు అనే మహారాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తన మాటంటే తనకే మహా ముద్దు. ఆయన తుమ్మినా సభ "ఆహా" అనాలి. అనేది కూడాను.

ఆ రాజ్యంలో న్యాయవాదులకు ఒక సంఘం ఉండేది. చదువు పూర్తికానివాణ్ణి వాళ్లు కొలువు మెట్టు ఎక్కనిచ్చేవారు కాదు. దొంగ సాక్షిని తెచ్చినవాణ్ణి రాజు శిక్షించకముందే తామే వెలివేసేవారు. అన్నిటికంటే గట్టి కట్టుబాటు పూర్వపక్షం. ఎదుటివాడి వాదాన్ని ముందు తానే చెప్పాలి. ఎదుటివాడు "అవును, నా మాట ఇదే" అని ఒప్పుకున్నాకే తన వాదం ఎత్తుకోవాలి. తిట్టుకోవడానికి వచ్చిన జనం ఈ తతంగం చూసి సగం కోపం అక్కడే దింపేసుకునేవారు.

ఇలా ఉండగా గజాధ్యక్షుడు భైరవ నాయకుడికి ఒక రేవు నచ్చింది. అది సింగమ్మ పడవ నడుపుకునే రేవు. పట్టపుటేనుగు స్నానానికి బాగుందని దాన్ని మూయించి, ఆమె పడవను గట్టు మీదికి లాగించాడు. ఏనుగు స్నానం చేసేది వారానికొకసారి. రేవు మూసింది మాత్రం ఏడాది పొడుగునా. సింగమ్మకు ఆ పడవే బతుకు. ఆమె ఏడుస్తూ సంఘం గడప తొక్కితే, సంఘం ఆమె తరఫున వల్లభయ్యను నిలబెట్టింది. ఈ వల్లభయ్య ఎంత చమత్కారి అంటే, ఓడినవాడు కూడా అతని వాదం విని నవ్వుకుంటూ ఇంటికి పోయేవాడు.

ఇది తెలిసి భైరవ నాయకుడు రాజు చెవిలో ఊదాడు. "ప్రభూ, ఈ న్యాయవాదులకు నోరు మరీ పెద్దదైపోయింది. కాస్త అదుపు పెట్టాలి."

మర్నాడే శాసనం వచ్చింది. రాజుకు గానీ రాజోద్యోగికి గానీ వ్యతిరేకంగా కొలువులో మాట్లాడాలంటే అనుమతి ముద్ర ఉండాలి. నోటిమాట అనుమతి చెల్లదు. ముద్ర లేకుండా నోరు విప్పినవాడు, ఎంతటివాడైనా సరే, మెడలో గంట కట్టుకుని రాజవీధిలో మూడు చుట్లు తిరగాలి. ఇక ఆ ముద్ర ఎవరి దగ్గర ఉంటుందంటారా? సలహా ఇచ్చిన భైరవ నాయకుడి దగ్గరే!

సంఘం పెద్ద ఓబళయ్య గారు డెబ్బై ఏళ్ల మనిషి. కర్ర పోటు వేసుకుంటూ వెళ్లి, కొలువు బయటే రాజుకు విన్నవించాడు. "ప్రభూ, మాకు అదుపు వద్దనడం లేదు. తప్పుడు న్యాయవాదిని పట్టుకోవడానికి ఇంకో నాలుగు నియమాలు పెట్టండి, మేమే రాసిస్తాం. కానీ ఈ శాసనం వల్ల నష్టపోయేది మేం కాదు, మా వెనక నిలబడ్డ జనం."

రాజు మీసం దువ్వాడు. "నా శాసనంలో తప్పా? అయితే శుక్రవారం ఒకణ్ణి పంపు. నిండు సభలో నా ముందు వాదించమను. గెలిస్తే శాసనం రద్దు. ఓడితే ఆ రేవు ఫిర్యాదు కొట్టేస్తాను. పడవ ఏనుగుశాలకు వంటచెరకు!"

శుక్రవారం సభ కిటకిటలాడింది. వల్లభయ్య లేచి పూర్వపక్షం మొదలుపెట్టాడు. అబ్బో, ఏం చెప్పాడు! అదుపు లేని నోరు రాజ్యానికి ఎంత చేటో, ఉద్యోగి పరువు పోతే ప్రభుత్వం పరువు ఎలా పోతుందో, రాజు చెప్పలేని మాటలు కూడా రాజు తరఫున చెప్పాడు. భైరవ నాయకుడు తల ఊపీ ఊపీ తలపాగా జార్చుకున్నాడు.

సింగమ్మ కంగారుపడింది. వెనకనుంచి వల్లభయ్య ఉత్తరీయం లాగింది. "అయ్యా, తమరు మా వైపా, ఆళ్ల వైపా?"

"కాస్త ఓపిక పట్టు సింగమ్మా."

రాజు పొంగిపోయాడు. "అవును, అవును! నా మాట ఇదే! ఇక నీ వాదం కానీ."

వల్లభయ్య ఒక్క నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

"ఏమిటి కూర్చున్నావు?"

"అయిపోయింది ప్రభూ."

"నా వాదం అయింది. నీది ఏదీ?"

"అది తమకు వ్యతిరేకం కదా ప్రభూ. ముద్ర కావాలి. నాయకుడు గారి ఇంటికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి నిద్రపోతున్నారు. రెండోసారి భోంచేస్తున్నారు. మూడోసారి, భోంచేశారు కాబట్టి మళ్లీ నిద్రపోతున్నారు."

సభ గొల్లుమంది. రాజు విసుక్కున్నాడు. "సరే, నేనే అనుమతిస్తున్నాను. మాట్లాడు!"

"నోటిమాట చెల్లదని తమ శాసనమే అంటోంది. ఏం చేయను? తమరే గెలిచారు ప్రభూ. విజయభేరి మోగించమనండి."

భేరి మోగింది. ఒక్కరు కూడా "ఆహా" అనలేదు. రాజు సింహాసనంలో అటూ ఇటూ కదిలాడు. ఎదురు నిలిచినవాడే లేకుండా గెలిచిన గెలుపు ఆయనకు ఉప్పు లేని పప్పులా ఉంది.

"ఏమిటయ్యా ఈ చప్పటి గెలుపు! పెద్ద చమత్కారివని విన్నాను, ఇంతేనా? ఒక్క ముక్కైనా తట్టలేదా?"

"ఏం ముక్క ప్రభూ?" అన్నాడు వల్లభయ్య, ఏమీ ఎరగనట్టు.

"ఓరి అమాయకుడా! ఫిర్యాదు ఎవరి మీదో ముద్ర వాడి చేతిలోనే పెడితే, తన మీద మాట్లాడమని ఏ ఉద్యోగి ముద్ర వేస్తాడయ్యా? భైరవ నాయకుడు ఈ జన్మకు వేస్తాడా? అదీ గాక, జనం గోడు మీ నోటి ద్వారా కాక ఇంకెలా నా చెవికి చేరుతుంది? ఈ రెండు ముక్కలు చాలు, శాసనం పునాదులతో సహా లేచిపోతుంది!"

సభలో ఒక మూల లేఖకుడి గంటం చకచకా కదిలింది.

వల్లభయ్య మెల్లగా లేచాడు. "లేఖకుడు గారూ, ప్రభువుల వాదం పొల్లుపోకుండా రాసుకున్నారా? ఇంతకంటే బాగా మా సంఘంలో ఎవరూ చెప్పలేరు." తర్వాత భైరవ నాయకుడి వైపు తిరిగాడు. "నాయకుడు గారూ, ఒక్క సందేహం. తమమీద ఇంత గట్టిగా వాదించిన ఈ న్యాయవాదికి తమరు ముద్ర వేశారా?"

నాయకుడు ఇరుకున పడ్డాడు. వేశానంటే అబద్ధం. వేయలేదంటే రాజు మెడలో గంట!

రాజు ఒక్క క్షణం ఎర్రబడ్డాడు. శాసనంలోని "ఎంతటివాడైనా సరే" అన్న మాట ఆయనకు గుర్తొచ్చింది. అంతే, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. కిరీటం పక్కకు ఒరిగినా సర్దుకోలేదు. "నా నోటితోనే నన్ను ఓడించావు కదయ్యా! శాసనం రద్దు! సింగమ్మ ఫిర్యాదు ఇప్పుడే వింటాను."

ఫిర్యాదు విన్నాడు. "నాయకా, ఏమంటావు?" అన్నాడు.

నాయకుడు సాయం కోసం సభ నలువైపులా చూశాడు. అతని పక్షాన నిలబడేవాడు సభలో ఒక్కడూ లేడు.

"సరే, అయితే తీర్పు..."

"ఆగండి ప్రభూ!" అన్నాడు వల్లభయ్య. "ఆయన వైపు మాట ఇంకా వినలేదు."

"నీకేమైనా మతి పోయిందా? గెలుస్తున్నది నువ్వు!"

ఇంతలో ఓబళయ్య గారు కర్ర పట్టుకుని లేచాడు. "ఎవరూ లేనివాడికి సంఘం ఉంది ప్రభూ. నాయకుడి పక్షాన నేను మాట్లాడతాను. ముందుగా పూర్వపక్షం, అంటే సింగమ్మ గోడు, నా నోటితో చెబుతాను."

చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, సింగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ "అవునయ్యా, నా మాట ఇదే" అంది. ఆ తర్వాత నాయకుడి తరఫున కూడా ఉన్న నాలుగు మంచి మాటలు వెతికి వెతికి చెప్పాడు. తీర్పు మాత్రం సింగమ్మకే వచ్చింది. ఏనుగుకు ఇంకో రేవు చూశారు.

రాజు సింహాసనం దిగి వచ్చి, తన పట్టు శాలువా వల్లభయ్యకు కప్పాడు. ఓబళయ్య గారికి మాత్రం శాలువా కప్పలేదు. కొలువులో తన ఎదురుగా ఆసనం వేయించి, "ఇక నా ప్రతి శాసనానికీ పూర్వపక్షం మీరే చెప్పాలి తాతగారూ" అని, కర్ర తాను పట్టుకుని ఆయన్ని కూర్చోబెట్టాడు.